కురుసురలో మా అబ్బాయి పడుకునే చోటు వెతుక్కున్నాను

ఆగస్టు 17 రాత్రి ఎనిమిదిన్నరకి మా పెద్దాడు ఫోన్ చేశాడు. శ్రావణమాసం బ్లౌజుల రద్దీలో ఉన్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, మిషన్ ఆపకుండానే మాట్లాడుతున్నాను. "అమ్మా, సబ్‌మెరైన్‌కి పేరిచ్చాను. తీసుకున్నారు" అన్నాడు. నా కాలు ఆగిపోయింది.

2021లో నేవీలో చేరాడు. చిల్కాలో ట్రైనింగ్ అయ్యాక నాలుగేళ్లు ఓడ మీద చేశాడు. ఓడకి నేను అలవాటు పడ్డాను. ఓడంటే పైన ఆకాశం ఉంటుంది, డెక్ మీదకొచ్చి గాలి పీల్చుకుంటాడు, అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. సబ్‌మెరైన్‌కి ఎవర్నీ బలవంతంగా పంపరట, ఇష్టపడి పేరిచ్చినవాళ్లనే తీసుకుంటారట. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నాకు చెప్పకుండా వీడే పేరిచ్చాడు. జీతం మీద అదనంగా వస్తుందని, విశాఖలోని శాతవాహన అనే నేవీ సబ్‌మెరైన్ స్కూల్లోనే ట్రైనింగ్ కాబట్టి ఇంటికి దగ్గరగా ఉంటానని ఏదేదో చెప్పాడు. నేను సరే సరే అంటూ విన్నాను. ఆ రాత్రి మాత్రం నిద్రపోలేదు.

ఆ తర్వాత రెండు నెలలు నా మనసులో తిరిగింది ఒకటే. వాడు ఎక్కడ పడుకుంటాడు? చిన్నప్పటి నుంచీ కిటికీ పక్కన పడుకునే పిల్లాడు. అక్కడ కిటికీ ఉండదు. ఇలాంటి టెన్షన్‌లో ఉన్న అమ్మానాన్నలు ఇంకా ఉంటారు, వాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో నాకన్నా ఎక్కువ భయపడింది మా అత్త. ఆవిడ పుట్టిల్లు విశాఖలో పాత ఊరు. 1971 డిసెంబరులో ఆవిడకి ఇరవై ఏళ్లు, ఇంకా పెళ్లి కాలేదు. యుద్ధం రోజులు, రాత్రిళ్లు దీపాలు ఆర్పేసి కూర్చునేవాళ్లట. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు, ఇంట్లో కిటికీలు అదిరాయని చెబుతుంది. ఆ రాత్రి మన తీరం దగ్గర మునిగిపోయింది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాలూ రెండు మాటలు చెబుతాయి కానీ అందులో ఉన్న తొంభైమందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. మా అత్తకి సబ్‌మెరైన్ అంటే ఆ చప్పుడే. మనవడి సంగతి చెప్పినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు, లోపలికెళ్లి దేవుడి ముందు కూర్చుంది. మర్నాడు పొద్దున్న, "ఆర్కే బీచిలో ఒకటి పెట్టారంట కదే, నన్ను తీసుకెళ్లు. మన గుంటడు ఎక్కడ పడుకుంటాడో నానూ సూడాలి" అంది. ఆవిడ అన్నది కురుసుర గురించి, నేవీలో పని అయిపోయాక జనం చూడ్డానికి మ్యూజియంగా పెట్టిన పాత సబ్‌మెరైన్.

శ్రావణం, దసరా, దీపావళి, వరసగా పని. దీపావళి అయ్యాక కార్తీక సోమవారం సముద్రస్నానం చేసినట్టూ ఉంటుంది, సబ్‌మెరైన్ చూసినట్టూ ఉంటుందని అక్టోబరు 27న బయల్దేరదామనుకున్నాం. మొంథా తుఫాను వస్తోందని హెచ్చరికలు రావడంతో మానేశాం. చివరికి నవంబరు 10, సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకి బొబ్బిలిలో బస్సెక్కాం. మా ఆయనకి సెలవు దొరకలేదు. అత్తా నేనూ ఇద్దరమే. ఎక్స్‌ప్రెస్ బస్సు, ఆడవాళ్లకి ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇచ్చారు. ఎనిమిదయ్యేసరికి విశాఖ కాంప్లెక్సులో దిగాం.

సముద్రస్నానం బాగానే అయింది. తడిబట్టలు మార్చుకుని, దీపం పెట్టుకుని, నడుచుకుంటూ సబ్‌మెరైన్ దగ్గరికి వెళ్తే గేటు మూసేసి ఉంది. సోమవారం సెలవు. బయల్దేరేముందు ఎవర్నైనా అడిగి ఉండాల్సింది, అడగలేదు. ఉపవాసం ఉన్న ముసలావిణ్ణి ఎండలో నిలబెట్టి, గేటు బయట నుంచి ఆ నల్లటి ఒడ్డూ పొడుగూ చూపించాను. ఇసుక పక్కన, సముద్రానికి ఎదురుగా, పొట్ట కింద సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టారు. "ఇంత పెద్దదా!" అంది అత్త. ఆవిడ ముఖంలో కొంచెం ధైర్యం వచ్చినట్టు కనిపించింది. మద్దిలపాలెంలో ఆడపడుచు ఇల్లుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ రాత్రికి లాడ్జి ఖర్చు కూడా పడేది.

మంగళవారం ఒంటిగంటంపావుకే వచ్చేశాం. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి తెరుస్తారని ముందురోజే తెలుసుకున్నాం. ముప్పావు గంట ఎండలో వరసలో నిలబడ్డాం. మా ముందు ఒడిశా నుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబం, వెనక కాలేజీ పిల్లలు. టికెట్లు తీసుకున్నాక అందరినీ ఒకేసారి వదలరు, కొంతమందిని ఒక జట్టుగా పంపుతారు. మా వంతు వచ్చేసరికి రెండూ ఇరవై ఐదు.

మెట్లెక్కి పక్క నుంచి లోపలికి వెళ్తాం. మొదటి అడుగులోనే ఇనుమూ నూనే కలిసిన వాసన. మా గైడు గారు రిటైరైన నేవీ ఆయన, తెలుగూ హిందీ కలిపి మాట్లాడారు. 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో మన నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరి 27 దాకా 31 ఏళ్లు పనిచేసింది, 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది అని చెప్పారు. అంటే భూమి చుట్టూ మూడుసార్లు తిరిగి ఇంకా మిగిలినంత దూరం. 91 మీటర్ల పైచిలుకు పొడవు అన్నప్పుడు నాకు వెంటనే వంద గజాలని తట్టింది, గుడ్డ కొలిచే అలవాటు కదా. వంద గజాల పొడవులో 75 మంది. బయట నుంచి చూస్తే అది చాలనిపిస్తుంది. లోపలికొస్తే అర్థమవుతుంది, అది రెండు పొరల ఓడ. పై పొరకీ లోపలి పొరకీ మధ్య అంతా నీళ్లు నింపుకుని మునగడానికి, వదిలేసి తేలడానికి ఉన్న ట్యాంకులే. మనుషులకి మిగిలింది మధ్యలో ఉన్న గొట్టం. ఆ గొట్టంలో కూడా రెండు వైపులా యంత్రాలు, పైపులు, చక్రాలు. మనిషికి మిగిలింది నడవంత దారి.

మొదటి గది టార్పెడోలది, అంటే నీటిలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధాలది. ముందు ఆరు గొట్టాలు, వెనక చివరి గదిలో నాలుగు. మొత్తం 22 టార్పెడోలు మోసేదట. ఆ గొట్టం మూత దగ్గర నిలబెట్టి గైడు గారు ఒక మాట చెప్పారు. సబ్‌మెరైన్ కింద చిక్కుకుపోతే, ప్రత్యేకమైన సూటు వేసుకుని ఈ గొట్టంలోంచే మనుషులు బయటికి పాకడం కూడా ఒక దారి అని. గొట్టం వెడల్పు ఎంతండీ అని అడిగాను. 21 అంగుళాలు అన్నారు.

మా అబ్బాయి షోల్డర్ 18. పోయిన సంక్రాంతికి చొక్కా కుట్టినప్పుడు నేనే టేపు పెట్టి చూశాను. ఇరవై ఒకటిలోంచి పద్దెనిమిది తీస్తే మూడు. ఒక్కో పక్క అంగుళంన్నర. బ్లౌజుకి లూజు వదిలేది కూడా అంతే. నా హ్యాండ్‌బ్యాగులో టేపు ఉంది, దాన్ని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి కాలేజీ పిల్లలు "ఆంటీ, కొంచెం జరగండి" అన్నారు. జరిగాను.

అక్కడి నుంచి రెండో గదిలోకి తలుపు. తలుపంటే మన తలుపు కాదు, ఇనప గోడలో గుండ్రటి కంత. జానతో కొలిచాను, నాలుగు జానలు లేదు. నేను చీర కట్టుకుని వెళ్లడం పొరపాటు. కాలు ఎత్తితే కుచ్చిళ్లు అడ్డం, కుచ్చిళ్లు పట్టుకుంటే చేయి ఖాళీ లేదు. "ముందు ఒక కాలు పెట్టండి, తర్వాత నడుం వంచండి, తల చివర్లో. పైన కమ్మీ పట్టుకోండి" అని గైడు గారు చూపించారు. తల ముందు పెట్టినవాళ్లందరికీ తగులుతుంది, నాకూ తగిలింది. మా అత్త మాత్రం నన్ను పక్కకి జరగమని, చీర మోకాళ్ల పైకి ఎగ్గట్టి, కొంగు నడుముకి బిగించి, పొలంలో నాట్లకి దిగినట్టు దిగిపోయింది. డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్ల నొప్పులకి మందు వాడుతోంది. అవతలి వైపు నిలబడి నాకు చెయ్యి అందించింది.

ఏడు గదులు అలా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. తలుపులు అంత చిన్నవిగా ఎందుకంటే, ఒక గదిలోకి నీళ్లొస్తే తలుపు బిగించేసి మిగతా గదుల్ని కాపాడుకోవడానికి. ఈ మాట చెప్పగానే అందరూ తలూపారు. నాకు నోరు ఊరుకోలేదు. "మరి ఆ గదిలో ఉన్నవాళ్లండీ?" అని అడిగేశాను. ఆయన నా వైపు చూశారు. "మూసేస్తారమ్మా. అది అక్కడ ఉన్న ప్రతి మనిషికీ ముందే తెలుసు. మిగిలినవాళ్లు బతకాలి కదా" అన్నారు. మా అత్తకి అది వినపడకూడదని అనుకున్నాను. వినపడింది. నా చెయ్యి పట్టుకుంది.

రెండో గదిలో ఆఫీసర్ల క్యాబిన్లు, మూడో గదిలో కంట్రోల్ రూమ్, లోపలి నుంచే నీటి పైన చూసే గొట్టం పెరిస్కోపు. పిల్లలందరూ అక్కడే ఆగిపోయి ఫొటోలు తీసుకున్నారు. నాకు ఆ మీటర్లూ చక్రాలూ ఏవీ ఎక్కలేదు, వాటి గురించి ఏమీ రాయలేను. నాలుగో గది దగ్గర మాత్రం నా కళ్లు తెరుచుకున్నాయి. వంటగది అక్కడే. మా ఇంట్లో గ్యాస్ గట్టు ఉన్నంత చోటు. అందులో నిలబడి 75 మందికి వండేవాళ్లట. మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి, స్నానాలు లేవు. కాళ్ల కింద నేలలో బ్యాటరీలు, రెండో గదిలోనూ ఇక్కడా కలిపి 448. నీటి కింద ఉన్నంతసేపూ ఆ బ్యాటరీల మీదే నడుస్తుంది. డీజిల్ ఇంజిన్లకి గాలి కావాలి కాబట్టి, పైకొచ్చో, గాలి గొట్టం పైకెత్తో ఇంజిన్లు నడిపి చార్జింగు పెట్టుకోవాలి. అలా చార్జింగు పెట్టేటప్పుడు వాటిలోంచి హైడ్రోజన్ వస్తుందట, జాగ్రత్తగా లేకపోతే ప్రమాదం. వాటి మీదే మంచాలు.

ఆ మంచాలే నేను చూడ్డానికొచ్చింది. కానీ చూడనివ్వలేదు జనం. ఒకదాని మీద ఒకటి అరల్లా ఉన్నాయి అన్నంతవరకే కనపడింది, వెనక నుంచి తోసుకొస్తున్నారు. ఇంజిన్ల గది, మోటార్ల గది, వెనక టార్పెడోల గది, బయట మెట్లు. లోపలున్నది మొత్తం ఇరవై ఐదు నిమిషాలు. మెట్లు దిగి సముద్రపు గాలి ముఖానికి తగిలేసరికి ఏడుపొచ్చింది. మూడు నెలలు ఎదురుచూసి, రెండు రోజులు తిరిగి, చూడాల్సింది చూడలేకపోయాను.

గట్టు మీద కూర్చున్నాం. మురీ మిక్చర్ కొన్నాను. అత్త నాలుగు పలుకులు నోట్లో వేసుకుని, దూరంగా కనిపిస్తున్న యుద్ధ స్మారకం వైపు చాలాసేపు చూసింది. 1971 విజయానికి కట్టిన స్తూపం అది. "ఆళ్ల అమ్మలు కూడా ఉంటారు గదే, ఆ ఘాజీలోనోళ్లకి" అంది. యాభై నాలుగేళ్లలో ఆ చప్పుడు గురించి ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో, ఈ మాట మాత్రం ఎప్పుడూ అనలేదు. కాసేపటికి నా వైపు తిరిగి, "నువ్వు మళ్లీ టికెట్టు తీసుకుని ఎల్లి సూడు. నానిక్కడే ఉంటాను. నిదానంగా సూడు, బేగి వచ్చేయకు" అంది.

ఏడుంపావుకి రెండోసారి వెళ్లాను. ఇది ఎవరికైనా చెప్పదగ్గ సంగతి. మంగళవారం రాత్రి జనం పలచబడిపోయారు, జట్టులో ఎనిమిది మందిమే. మళ్లీ అదే గైడు గారు. నన్ను గుర్తుపట్టి, "మళ్లీ వచ్చారేంటమ్మా?" అన్నారు. చెప్పాను, మా అబ్బాయి ట్రైనింగులో ఉన్నాడని. ఆయన ముఖం మారిపోయింది. మిగతావాళ్లని కంట్రోల్ రూమ్ దగ్గర ఫొటోలు తీసుకోమని వదిలి, నన్ను నాలుగో గదిలో మంచం దగ్గర నిలబెట్టారు.

పరుపు ఉంది. పొడవు మనిషికి సరిపోతుంది, వెడల్పు మాత్రం పక్కకి తిరిగితే మోచెయ్యి బయటికొచ్చేంత. పైన ఇంకో మంచం ఎంత దగ్గరగా ఉందంటే, లేచి కూర్చోవడం కుదరదు, పక్కకి దొర్లి దిగాల్సిందే. పక్క గోడ మీద పైపులు. పరుపు మీద అరచెయ్యి ఆనించాను. "ఇది ఒక్కడిది కాదమ్మా. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు వచ్చి పడుకుంటాడు. పక్క వెచ్చగానే ఉంటుంది" అన్నారు. ముందు గదిలో టార్పెడోల పక్కన పడుకునేవాళ్ల గురించి కూడా చెప్పారు. ఇప్పటి సబ్‌మెరైన్లు దీనికన్నా చాలా నయం, మీ వాడికి ఇంత ఇబ్బంది ఉండదు అని రెండుమూడుసార్లు అన్నారు.

"పచ్చళ్లు, బట్టలు ఏం పంపమంటారండీ?" అని అడిగాను. నవ్వారు. "చోటెక్కడిది? మనిషి సామానంతా ఒక చిన్న బీరువా అరలో పట్టాలి. ఉన్న చోట సర్దుకోవడమే." తర్వాత ఒక్క క్షణం ఆగి, "శబ్దం చేసే వస్తువు ఏదీ మంచిది కాదమ్మా. నీటి కింద ఒక చెంచా జారిపడినా ఆ చప్పుడు దూరం పోతుంది. అవతలివాడు చెవి పెట్టి వింటూ ఉంటాడు" అన్నారు. గాలి బాగుంటుందా, ఊపిరి ఆడుతుందా అని కూడా అడిగాను. ఆయన తన గుండె మీద చెయ్యి వేసుకుని చూపించారు, నన్ను చూడండి అన్నట్టు. ఇన్నేళ్లు చేసి, రిటైరై, రోజూ ఈ మెట్లెక్కి దిగుతున్న మనిషి నా ముందు నిలబడి ఉన్నారు. ఆగస్టు నుంచి ఎంతమంది ఎన్ని చెప్పినా తగ్గని భయం అక్కడ కాస్త తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఖర్చు సంగతి. బస్సు రెండువైపులా ఉచితం. రెండు రోజుల్లో ఆటోలకి ఆరు వందలు దాటింది, నా రెండో టికెట్టు కలిపినా టికెట్ల ఖర్చు అందులో సగం కాలేదు. ఆదివారం కాకుండా, సోమవారం అసలే కాకుండా, చీకటి పడ్డాక వెళ్లండి. ఆడవాళ్లు చుడీదార్ వేసుకోండి, పెద్దవాళ్లకి మోకాళ్లు వంగకపోతే కింద బీచిలో కూర్చోబెట్టడమే మంచిది, మా అత్తని చూసి ధైర్యం చేయకండి. మా అత్తకి ఆ రాత్రి మోకాళ్లు వాచాయి, మద్దిలపాలెంలో వేడినీళ్ల కాపడం పెట్టాం. నొప్పిగా ఉందా అంటే "ఉంటే ఉండనీ" అంది.

ఇంటికొచ్చాక పాత జీన్స్ ప్యాంటు ఒకటి విప్పదీశాను. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవులో, మంచం పక్కన వేలాడదీసుకునే సంచి కుట్టాను. నాలుగు జేబులు: ఒకటి బ్రష్షుకీ, ఒకటి కళ్లజోడుకీ, ఒకటి పుస్తకానికీ, చిన్నది విభూతి పొట్లానికి. విభూతి జేబు అత్త అడిగింది. జిప్పు పెట్టలేదు, హుక్సూ గుండీలూ పెట్టలేదు. అన్నీ గుడ్డ తాళ్లే, ముడేసుకునేలా. ఆడపడుచు ద్వారా వాడికి అందింది.

నవంబరు 30, ఆదివారం ఫోన్ చేశాడు. "సంచి బావుందమ్మా, కానీ జిప్పు పెట్టలేదేం?" అన్నాడు.

"చప్పుడవుతుందని" అన్నాను.

అటు నుంచి కాసేపు మాట లేదు. "నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు. కురుసుర వెళ్లొచ్చిన సంగతి అప్పుడే చెప్పాను. నానమ్మ కూడానా అని మూడుసార్లు అడిగాడు. చివర్లో, ఇంకో రెండు కుట్టమన్నాడు, వాడి పక్కన పడుకునే ఇద్దరికి. నిన్న గుడ్డ కత్తిరించాను.